లారీ దిగబోతే ఊడొచ్చిన ఉంగరపు వేలు: ఒక రింగ్ అవల్షన్ కేస్ స్టడీ

కేసు వివరాలు

రోగి వయసు 31 ఏళ్లు, బరువు 68 కిలోలు. లారీ డ్రైవరు, కుడిచేతి వాటం. షుగరు, బీపీ లేవు. రోజుకు ఐదారు బీడీలు కాలుస్తాడు. ఎడమ చేతి ఉంగరపు వేలికి బంగారు ఉంగరం ఉంది. పెళ్లిలో అత్తవారు పెట్టినదాన్నే తర్వాత జాతకం చూపించుకుని పగడం పొదిగించుకున్నాడు. రాయి కోసం ఉంగరం పైన దిమ్మ ఎత్తుగా కట్టారు. కణుపు లావెక్కడంతో ఉంగరం బయటికి రావడం ఎప్పుడో మానేసింది.

ఉదయం 10.40 ప్రాంతంలో మిర్చి బస్తాలు దించడం పూర్తయింది. అతను లారీ వెనక తలుపు (డాలా) పైఅంచు పట్టుకుని నాలుగడుగుల ఎత్తు నుంచి కిందికి దూకాడు. డాలాను బిగించే గొలుసు కొక్కెం ఆ రాయి దిమ్మ కింద దూరింది. కాళ్లు నేలకు తగిలేసరికి వేలి పైభాగం, ఉంగరం కొక్కేనికే ఉండిపోయాయి.

నొప్పి పెద్దగా తెలియలేదని, చెయ్యి చూసుకున్నాకే కళ్లు తిరిగాయని రోగి చెప్పాడు. రింగ్ అవల్షన్‌లో, అంటే ఉంగరం లాగడంతో వేలు ఒలుచుకుపోయే లేదా ఊడిపోయే గాయంలో, ఇది మామూలే. నరాలు ఒక్కసారిగా తెగిపోవడంతో మొదటి కొన్ని నిమిషాలు వేలు మొద్దుబారి ఉంటుంది. రక్తం కూడా అనుకున్నంత కారదు. సాగి తెగిన ధమని కొస లోపలికి చుట్టుకుపోయి తనంతట తానే మూసుకుంటుంది. నొప్పీ రక్తమూ తక్కువగా ఉన్నాయని కట్టు కట్టుకుని సాయంత్రం దాకా ఆగినవాళ్లున్నారు. గాయం తీవ్రతను రక్తాన్ని బట్టి అంచనా వేయకూడదు.

తెగిన వేలు వేరు, ఊడిన వేలు వేరు

కత్తికో రంపానికో తెగిన వేలిలో నష్టం ఒకే గీత మీద ఉంటుంది. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న ధమని, సిర, నరం బాగానే ఉంటాయి కాబట్టి కొసకు కొస కుట్టవచ్చు. ఉంగరం లాగినప్పుడు అలా జరగదు. మొదట ఉంగరం అంచు చర్మాన్ని వేలి మొదట్లో గుండ్రంగా చీలుస్తుంది. తర్వాత ఆ చర్మం చేతి తొడుగు తిరగేసినట్టు గోటి వైపు ఒలుచుకుంటూ పోతుంది. దాంతోపాటు వేలికి రెండు పక్కలా ఉండే ధమనులు, నరాలు, పైవైపు సిరలు సాగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతాయి. చివరికి గోటికి దగ్గరున్న పై కణుపు దగ్గర ఎముక విడిపోతుంది. వేలిని ముడిచే లోతు టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) ముంజేతిలో కండరాన్ని అంటుకున్న చోట నుంచే ఊడి రిబ్బనులా వేలాడుతూ వస్తుంది. గాయం వేలిదే అయినా నష్టం ముంజేతి మధ్య దాకా ఉంటుందని బంధువులకు మొదటే చెప్పాలి. లేకపోతే మోచేతి కింద వాపు ఎందుకొచ్చిందని తర్వాత అడుగుతారు.

ఇదంతా జరగడానికి ఎంత బలం కావాలో 1999లో అచ్చయిన ఒక అధ్యయనంలో మృతదేహాల వేళ్ల మీద కొలిచారు. సుమారు 80 న్యూటన్ల దగ్గర చర్మం చిరగడం మొదలైంది. సగటున 154 న్యూటన్ల దగ్గర వేలు పూర్తిగా ఒలుచుకుపోయింది. అంటే పదహారు కిలోల బరువు కూడా కాదు. మన రోగి కదలకుండా ఆ కొక్కేనికి వేలాడినా పడే బలం దానికి నాలుగు రెట్లు పైనే. దూకిన ఊపు దీనికి అదనం. వేలిని కాసేపు కాపాడేది ఎముక అనుకుంటాం గానీ, నిజానికి చర్మమే. చర్మం చిరిగిందంటే మిగతావాటిని లాగేయడానికి పెద్ద బలం అక్కర్లేదు.

ఉంగరపు వేలికి ఇంకో చిక్కు ఉంది. దాన్ని చాపే టెండన్ పక్క వేళ్ల టెండన్లతో అడ్డపట్టీలతో ముడిపడి ఉంటుంది. మిగతా వేళ్లు ముడిచి ఉన్నప్పుడు ఇదొక్కటే విడిగా లేవదు. అంచు పట్టుకున్న చేతిలో ఈ వేలు చిక్కుకుందంటే తప్పించుకునే వీలు తక్కువ.

వచ్చేటప్పటి స్థితి

ప్రమాదం జరిగిన 3 గంటల 40 నిమిషాలకు రోగి చేరాడు. తోటి హమాలీలు ఊడిన భాగాన్ని జేబురుమాలులో చుట్టి, పక్కనున్న చెరుకురసం బండి నుంచి ఐసు ముక్కలు తీసుకుని క్యారీబ్యాగులో వేశారు. వేలిని వదిలేయకుండా తేవడం మంచిపనే. కానీ ఐసు నేరుగా తగిలిన చోట చర్మం గడ్డకడుతుంది, ఐసు కరిగిన నీళ్లలో నానితే ఉబ్బి తెల్లబడుతుంది. ఆ రెండు రకాల కణజాలంలోనూ సన్నటి రక్తనాళాలు మళ్లీ తెరుచుకోవు. దారిలో మొదట చూపించుకున్న ఆసుపత్రిలో నర్సు దాన్ని తీసి సరిగ్గా చుట్టి పంపింది. టీటీ, యాంటీబయాటిక్ కూడా అక్కడే ఇచ్చారు. ఈ కేసు నిలబడడంలో ఆ పది నిమిషాల పనికి మేం పెద్ద వాటా ఇస్తాం.

సరైన పద్ధతి ఇది. ఊడిన భాగం మీద మట్టి ఉంటే సెలైనుతో ఒక్కసారి కడగాలి, రుద్దకూడదు. శుభ్రమైన గాజ్ గుడ్డను సెలైనులో తడిపి, నీళ్లు కారకుండా పిండి, దాంతో చుట్టాలి. దాన్ని పాలిథిన్ కవరులో పెట్టి మూతి గట్టిగా కట్టాలి. సగం నీళ్లు సగం ఐసు ఉన్న డబ్బాలో ఆ కవరును ఉంచాలి. వేలికి నీళ్లు గానీ ఐసు గానీ నేరుగా తగలకూడదు. పసుపు, స్పిరిటు, పాలు, కాఫీపొడి ఏవీ వద్దు. ఫ్రీజరులో అసలే పెట్టవద్దు. ఊడింది వట్టి చర్మపు గొట్టంలా కనిపించినా, చిన్న ముక్కే అయినా తేవాలి. అతికించడానికి పనికిరాకపోయినా అందులోంచి చర్మమో నరమో వాడుకోవచ్చు. సన్నటి తోలు మీద వేలాడుతుంటే దాన్ని తెంపకూడదు. ఆ తోలులో ఒక్క సిర మిగిలి ఉన్నా ఆపరేషను సగం తేలికవుతుంది. రక్తం ఆపడానికి శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి చెయ్యి ఎత్తి ఉంచితే చాలు. మణికట్టు దగ్గర తీగో తాడో బిగించి తెచ్చినవాళ్లలో ఆ కట్టు వల్లే అదనపు నష్టం చూస్తుంటాం.

వేలిలో కండ ఉండదు కాబట్టి రక్తం లేకపోయినా కొంత ఓర్చుకుంటుంది. చల్లబరచకుండా తెస్తే సుమారు 12 గంటలు, పైన చెప్పినట్టు చల్లగా తెస్తే 24 గంటల దాకా అతికించే ప్రయత్నం చేయవచ్చు. అలాగని తీరిగ్గా బయల్దేరమని అర్థం కాదు. మైక్రోసర్జరీ (మైక్రోస్కోపు కింద సన్న నాళాలు కుట్టే ఆపరేషను) ఉన్న చోటికి ముందే ఫోను చేసి, అక్కడ చేస్తారని తేలాకే బయల్దేరాలి. మూడు ఊళ్లు తిరిగి వచ్చేవాళ్లకు పోయే సమయమంతా ఇక్కడే పోతోంది.

పరీక్షలో వేలి మొదటి ఎముక, రెండో ఎముక చర్మం లేకుండా బయటికి కనిపిస్తున్నాయి. పై కణుపు దగ్గర వేలు విడిపోయింది. నడిమి కణుపును ముడిచే పైపొర టెండన్ రెండో ఎముకకు చెక్కుచెదరకుండా అంటుకుని ఉంది. ఊడిన భాగంలో గోరు, చివరి ఎముక, వేలి మొదలు దాకా చర్మపు తొడుగు, దాంతోపాటు 14 సెంటీమీటర్ల టెండన్ ఉన్నాయి. చేతికీ ఊడిన భాగానికీ విడివిడిగా ఎక్స్-రే తీశాం. ఎముకలు నుజ్జవలేదు.

ఈ గాయాలకు రెండు వర్గీకరణలు వాడుకలో ఉన్నాయి. 1981 నాటి అర్బానియాక్ పద్ధతిలో మూడు తరగతులు: రక్తప్రసరణ సరిపడా ఉన్నది ఒకటి, చాలనిది రెండు, పూర్తిగా ఒలుచుకుపోయినదో ఊడిపోయినదో మూడు. 1989లో కే అనే వైద్యుడు చేసిన సవరణలో ప్రసరణ చాలనివాటిని ఎముక, కణుపు దెబ్బతిన్నాయా లేదా అని మళ్లీ విడగొట్టి నాలుగు తరగతులు చేశారు. మన కేసు మొదటిదాని ప్రకారం మూడు, రెండోదాని ప్రకారం నాలుగు. అయితే తరగతి సంఖ్య కన్నా ఆ పైపొర టెండన్ మిగిలిందా లేదా అన్నదే మా నిర్ణయాన్ని ఎక్కువగా మలుపు తిప్పుతుంది. అది ఉంటే నడిమి కణుపు ముడుచుకుంటుంది, వేలు పనికొస్తుంది. అది కూడా పోయి నడిమి కణుపు కింద నుంచే ఊడితే, అతికించాక మిగిలేది తరచూ బిగుసుకుపోయిన వేలే. అది పిడికిలికి అడ్డం పడుతుంది.

అతికించాలా, తీసేయాలా

“ఏలు నిలబడుద్దా సార్?” అని అడిగింది రోగి తండ్రి.

“నిలబెట్టే ప్రయత్నం చేయొచ్చు పెద్దాయనా. నిలబడినా పై కణుపు ముడవదు, చలికి సలుపుతుంది, ఐదారు నెలలు బండెక్కకూడదు. ఇంకో ఆపరేషను కూడా పడొచ్చు. ఇప్పుడే తీసేసి కుట్టేస్తే నెలలోపే స్టీరింగు పట్టుకుంటాడు. రెండూ తప్పు కాదు.”

ఈ మాటలు ఇలాగే చెప్పాలి. ఒక్క ఉంగరపు వేలు పోయినంత మాత్రాన చెయ్యి ఆగిపోదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మొదటి షెడ్యూలు కూడా ఉంగరపు వేలు మొత్తం పోతే సంపాదన సామర్థ్యంలో 7 శాతం, రెండు ఎముకల మేర పోతే 6 శాతం, ఒక ఎముక మేర పోతే 5 శాతం నష్టమనే లెక్కగట్టింది. రోజుకూలీ మీద బతికే ఇంట్లో ఆరు నెలల ఖాళీ 7 శాతం కన్నా బరువు కావచ్చు. కొందరు తీసేయమనే అంటారు, వాళ్లను బలవంతపెట్టకూడదు. అలా తీసేసినప్పుడు మొదట్లో మొండి మిగలకుండా అరచేతిలోని ఎముకతో సహా తీసి, మధ్య వేలికీ చిటికెన వేలికీ సందు లేకుండా చేసే పద్ధతి ఉంది. చిల్లర నాణేలు సందులోంచి జారిపోవు, చూడ్డానికి కూడా అంతగా తెలియదు. దాని వల్ల పట్టు బలం కొంత తగ్గుతుంది కాబట్టి బరువు పనివాళ్లకు ఆలోచించి చెప్పాలి.

ఈ రోగి వయసు, మిగిలిన టెండన్, నుజ్జవని ఎముక, ఫర్వాలేదనిపించే స్థితిలో వచ్చిన వేలు, అన్నిటికీ మించి రోగి కోరిక అతికించడం వైపే ఉన్నాయి. బీడీ ఒక్కటే ఎదురు. మూడు నెలలు పొగ ముట్టనని, పక్కన ఎవర్నీ తాగనివ్వనని ఒప్పుకున్నాకే థియేటరుకు తీసుకెళ్లాం. నికోటిన్ సన్న ధమనుల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. నాలుగో రోజున బాత్రూములో కాల్చిన ఒక్క బీడీ బాగా నిలబడిన వేలిని నల్లబరచగలదు.

ఆపరేషన్

చంక దగ్గర నరాలకు మత్తు ఇచ్చి, మందు కొనసాగించడానికి సన్న గొట్టం ఉంచాం. ఈ మత్తు నొప్పినే కాకుండా రక్తనాళాలు బిగుసుకోవడాన్ని కూడా తగ్గిస్తుంది. రోగికి మత్తు ఇస్తుండగానే పక్క బల్ల మీద మైక్రోస్కోపు కింద ఊడిన భాగం పని మొదలైంది.

కాలమంతా పోయేది ఇక్కడే. పక్కగీత మీద చర్మం తెరిచి రెండు ధమనుల్నీ వెతికాం. వేలి ధమని వ్యాసం ఈ స్థాయిలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. చిటికెన వేలి వైపు ధమని స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంది, దాని దారి పొడవునా చర్మం మీద ఎర్రటి గీత కనిపించింది. ఈ రెండూ చెడ్డ గుర్తులు. నాళం లోపలి పొర పొడవునా చిట్లిందని, కొమ్మలు తెగి రక్తం చర్మంలోకి ఊరిందని అర్థం. దాన్ని వదిలేశాం. బొటనవేలి వైపు ధమని ఫర్వాలేదు, ఉంగరపు వేలికి మామూలుగా పెద్దది కూడా అదే. కొస నుంచి కొంచెం కొంచెం కోసుకుంటూ, లోపలి పొర నున్నగా, పోగులు లేకుండా కనిపించేదాకా వెనక్కి వెళ్లాం. చేతి వైపు కూడా అలాగే కోసి, క్లాంపు (నాళాన్ని మూసిపట్టే క్లిప్పు) వదిలితే రక్తం చిమ్మాలి. బొట్టుబొట్టుగా కారితే ఇంకా వెనక్కి వెళ్లాలి. రెండు వైపులా కోసేసరికి మధ్యలో 3 సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది.

రింగ్ అవల్షన్లలో అతికించిన వేలు పోవడానికి తొలి కారణం ఈ కోతలో పిసినారితనం. పొడవు మిగిలిందని దెబ్బతిన్న నాళాన్నే లాగి కుట్టేస్తే బల్ల మీద గులాబీరంగు వస్తుంది, రాత్రికి గడ్డకడుతుంది. ఖాళీ పెద్దదైనా భయపడనక్కర్లేదు. మణికట్టు లోపలివైపు చర్మం కింద ఇదే లావు సిరలు దొరుకుతాయి. అక్కడి నుంచి 4 సెంటీమీటర్ల ముక్క తీసి, లోపలి కవాటాలు రక్తానికి అడ్డం పడకుండా తలకిందులు చేసి వాడాం. పక్కనున్న మధ్య వేలి ధమనిని మళ్లించే పద్ధతి కూడా ఉంది గానీ, బాగున్న వేలిని ముట్టుకోవడం మాకు చివరి మార్గం.

చేసిన వరుస: రెండో ఎముక తల మీది మృదులాస్థి తీసేసి 4 మిల్లీమీటర్లు కురచ చేశాం, చివరి ఎముకను దానికి ఆనించి 1 మిల్లీమీటరు కె-వైర్లు (ఎముకను కదలకుండా పట్టే స్టీలు తీగలు) రెండు అడ్డంగా దింపాం. పై కణుపు ఇక కదలదు, అలా కలిసిపోవాలనే. కండరం నుంచి ఊడిన లోతు టెండన్ను మళ్లీ అతికించలేదు, అడ్డం లేకుండా తీసేశాం. చాపే టెండన్ను 4-0 దారంతో (సున్నాకు ముందు అంకె పెరిగేకొద్దీ దారం సన్నం) సరిచేశాం. తర్వాత ధమనికి 10-0 నైలాన్. ఇది తలవెంట్రుక కన్నా సన్నం. సిర ముక్కకు రెండు కొసల్లోనూ ఏడెనిమిదేసి కుట్లు పడ్డాయి. నరాల్లో చిటికెన వేలి వైపుది 9-0తో నేరుగా కలిసింది, రెండోది అందలేదు. పైవైపు రెండు సిరలు దొరికాయి. ఒకటి నేరుగా, ఒకటి ఇంకో సిర ముక్కతో కుట్టాం. చర్మాన్ని వదులుగా దగ్గరకు చేర్చాం. ముడుచుకుపోయిన ధమని మీద దాన్ని వదులుచేసే పాపవెరిన్ మందు చుక్కలు, గోరువెచ్చటి సెలైను పోసి పది నిమిషాలు చేతులు తీసి ఆగడం కూడా ఈ వరుసలో భాగమే. సాయంత్రం 5.50కి క్లాంపులు తీశాం. ప్రమాదం నుంచి అప్పటికి 7 గంటల 10 నిమిషాలు.

మొదటి ఐదు రోజులు

గది వెచ్చగా 26 డిగ్రీల దగ్గర, ఏసీ ఆపేసి. చెయ్యి గుండె ఎత్తుకు కాస్త పైన. టీ కాఫీలు బందు. రోజుకు ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు, రక్తం గడ్డకట్టకుండా చర్మం కింద ఎనాక్సాపెరిన్ 40 మిల్లీగ్రాములు. మొదటి మూడు రోజులు గంట గంటకూ రంగు, వేడి, గోటిని నొక్కి వదిలితే రంగు తిరిగి వచ్చే సమయం చూసి రాయాలి. నర్సింగ్ సిబ్బందికి చెప్పాల్సింది రెండు మాటలు. పాలిపోయి, చల్లబడి, మెత్తబడి, నొక్కితే రంగు రాకపోతే ధమనిలో అడ్డంకి. నీలం తిరిగి, ఉబ్బి, నొక్కగానే సెకనులోపే రంగు వచ్చేస్తుంటే సిరలో అడ్డంకి. పక్క వేలి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లబడితే రంగు మారేదాకా ఆగకుండా పిలవాలి.

రెండో రాత్రి నీలం తిరిగింది. మొదట చూడాల్సింది కట్టు. రక్తం ఎండి గాజ్ గుడ్డ సిమెంటు పట్టీలా బిగిసింది. దాన్ని సెలైనుతో తడిపి మొత్తం విప్పి, పైవైపు మూడు కుట్లు తీసేశాం. రంగు సగమే తేలికపడింది. గోటిలో కొంత తీసి, గోటి కింది కండపై సన్నగా గీరి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్‌లో తడిపిన గాజ్ గుడ్డ పెట్టి నల్లరక్తం నెమ్మదిగా కారనిచ్చాం. జలగలు అందుబాటులో ఉంటే ఇదే పని అవి ఇంకా బాగా చేస్తాయి. అయితే వాటి కడుపులోని ఏరోమోనాస్ క్రిమి కోసం యాంటీబయాటిక్ కలపడం తప్పనిసరి. ఇలా కారనిచ్చినన్నాళ్లు హిమోగ్లోబిన్ రోజూ చూడాలి. ఈ రోగిలో 13.2 నుంచి 10.1కి దిగింది, రక్తం ఎక్కించే అవసరం పడలేదు. ఐదో రోజుకు కొత్త సిరలు దారి చేసుకోవడంతో వేలు తేరుకుంది. పైవైపు చర్మం సుమారు 1.5 సెంటీమీటర్ల పొడవున నల్లబడి రాలిపోయింది. కట్లతోనే మానింది.

ఫలితం

ఆరో వారంలో కె-వైర్లు తీశాం. నడిమి కణుపు కసరత్తు అంతకన్నా ముందే, మూడో వారంలోనే మొదలైంది. ఐదో నెలలో మళ్లీ బండెక్కాడు. 14వ నెలలో నడిమి కణుపు 10 నుంచి 85 డిగ్రీల దాకా ముడుచుకుంటోంది. ఎడమచేతి పట్టు బలం కుడిచేతి బలంలో 80 శాతం. నరం కలిపిన వైపు 9 మిల్లీమీటర్ల దూరంలోని రెండు సూదిమొనల్ని విడిగా గుర్తుపడుతున్నాడు, కలపని వైపు ఒత్తిడి మాత్రమే తెలుస్తుంది. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి మొదటి మూడు నెలలు వేలు కాలినా తెలియదు. ఇంజను మీద, టీ గ్లాసు మీద చెయ్యి పెట్టేముందు చూసుకోమని పదేపదే చెప్పాల్సి వస్తుంది. చలికాలం తెల్లవారుజామున స్టీరింగు పట్టుకుంటే వేలు తెల్లబడి సలుపుతోంది. ఇది రెండేళ్లకు తగ్గవచ్చు, కొందరిలో పూర్తిగా పోదు. దీన్ని మంచి ఫలితాల్లోనే లెక్కేస్తాం.

బ్యాటరీ దగ్గర ఉంగరం

లాగుడు గాయాలు కంటికి కనిపించేవి. లారీ, ట్రాక్టరు, ఇన్వర్టరు పనివాళ్లు తక్కువగా తెలుసుకున్నది కాలిన గాయం. 12 వోల్టులు కదా, షాకు కొట్టదుగా అంటారు. నిజమే, పొడి చర్మం మీద కొట్టదు. కానీ లెడ్-యాసిడ్ బ్యాటరీ షార్టయితే వందల ఆంపియర్ల కరెంటు ఇస్తుంది. ప్లస్ టెర్మినల్ మీద స్పానరు, స్పానరుకూ బండి బాడీకీ మధ్య ఉంగరం. అంతే, ఆ కరెంటంతా ఉంగరంలోంచి పోతుంది. ఒకటి రెండు సెకన్లలో ఉంగరం ఎర్రగా కాలి, వేలి చుట్టూ చర్మం మొత్తం మందాన వలయంలా మాడుతుంది. బంగారం, వెండి, రాగి మంచి వాహకాలు కావడం ఇక్కడ శాపం. కాలిన వలయం తర్వాత బిగిసి, కొసకు రక్తం అందకుండా చేస్తుంది.

అందుకే బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర పెట్టాలి. మైనస్ బాడీకి ఉన్న బండిలో మైనస్ తీసేశాక ప్లస్ మీది స్పానరు బాడీకి తగిలినా షార్టు కాదు. ఉంగరం, చేతి కడియం, గొలుసు గడియారం మాత్రం ఏ వరుసలో విప్పినా ఉండకూడదు. కరెంటున్న భాగాల దగ్గర ఇలాంటి లోహపు వస్తువులు ధరించకూడదని అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో సూటిగా రాసి ఉంది. కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచి, వాపు రాకముందే ఉంగరం తీయించాలి.

తిరిగే యంత్రాల దగ్గర, అంటే లేత్, డ్రిల్లింగ్, నూర్పిడి యంత్రం, చెరుకురసం రోలర్ల దగ్గర, ఉంగరం మీద గ్లౌజు వేసుకుంటే సరిపోతుందనేది ఇంకో అపోహ. గ్లౌజు కూడా చుట్టుకుపోతుంది, అప్పుడు ఉంగరం వేలిని వదలదు.

ఎవరు తీయాలి, ఎలా తీయాలి

ఫ్యాక్టరీ పనివాళ్లకే ఈ ముప్పు అనుకోనక్కర్లేదు. అమెరికా టీవీ వ్యాఖ్యాత జిమ్మీ ఫాలన్ 2015లో సొంత ఇంట్లో తివాచీ తట్టుకుని పడబోతుంటే ఉంగరం వంటింటి గట్టు అంచుకు చిక్కింది. ఆరు గంటల ఆపరేషను, పాదం నుంచి తీసిన సిర, పది రోజులు ఐసీయూ. మన దగ్గర చూసేవి గేటు ఊచలు దాటడం, కాంపౌండు గోడ దూకడం, బస్సు ఫుట్‌బోర్డు నుంచి కడ్డీ వదలకుండా దిగడం, పగ్గం చేతికి చుట్టుకుని గేదెను ఆపబోవడం, బాస్కెట్‌బాల్ వలయం పట్టుకుని వేలాడడం. అన్నిటిలో బలం ఒకటే, కిందికి పోతున్న ఒంటి బరువో, లాగుతున్న పశువు బరువో.

ఉంగరాల్లో తాబేలు బొమ్మవి, ఎత్తు దిమ్మల నవరత్నాలవి కొక్కేలకు తేలిగ్గా చిక్కుతాయి. గుర్రపు నాడా ఇనుముతో చేసినవి, స్టీలువి అసలు సాగవు, తెగవు. మందం తక్కువ బంగారు తీగ ఉంగరం కొన్నిసార్లు తానే తెగి వేలిని వదులుతుంది, దాన్ని నమ్ముకోలేం. పని వేళల్లో ఉంగరం తప్పనిసరి అనుకునేవాళ్లు సిలికాన్‌ది పెట్టుకోవచ్చు. గట్టిగా లాగితే అది తెగిపోతుంది. అదే వాడదలిస్తే పల్చటిది కొనాలి, మందపాటి పట్టీ తెగకపోతే కొన్న ప్రయోజనం లేదు. తీసిన ఉంగరాన్ని మెడగొలుసుకు వేసుకోవడం యంత్రాల దగ్గర ఇంకో ప్రమాదం. జిప్పున్న లోపలి జేబు మేలు. జాతకం కోసం పెట్టుకున్నవాళ్లతో వాదించడం దండగ. పని దిగాక, స్నానం చేసి పెట్టుకోమంటే చాలామంది వింటారు.

కణుపు దాటని ఉంగరానికి దారం పద్ధతి ఉంది. వేలు పది నిమిషాలు ఎత్తి చల్లటి నీళ్లతో వాపు తగ్గించాలి. గట్టి సన్నదారం ఒక గజం తీసుకుని, ఒక కొసను సూదితోనో చిన్న పటకారుతోనో ఉంగరం కింద నుంచి అరచేతి వైపుకు లాగాలి. మిగతా దారాన్ని ఉంగరం అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టుకు చుట్టు ఆనేలా, కణుపు దాటేదాకా బిగించి చుట్టాలి. సబ్బో నూనో రాసి, అరచేతి వైపు కొసను గోటి వైపుకు తిప్పుతూ విప్పితే ఉంగరం చుట్టు వెంట చుట్టు జారి వస్తుంది. వేలు విరిగినా, గాయమున్నా, నీలం తిరిగినా ఈ పద్ధతి వద్దు, కోయించడమే. బంగారం, వెండి ఉంగరాల్ని కంసాలి అయినా ఆసుపత్రి రింగ్ కట్టరైనా రెండు నిమిషాల్లో కోస్తాయి. ఒకచోట కోసి విప్పదీసే కన్నా ఎదురెదురుగా రెండు చోట్ల కోస్తే వేలికి నొప్పి ఉండదు. కరెంటు కట్టరుతో కోస్తే ఉంగరం వేడెక్కుతుంది, నీళ్లు పోస్తూ కోయాలి. టైటానియానికి డైమండ్ బిళ్ల కావాలి. టంగ్‌స్టన్ కార్బైడ్ కోతకు లొంగదు, లాకింగ్ ప్లయరుతో కొంచెం కొంచెం బిగిస్తూ చిట్లగొట్టాలి, కళ్లకు అద్దాలు పెట్టుకుని. పాము, తేలు, కందిరీగ కుట్టిన చేతికి ఉంగరం ఉంటే వాపు మొదలవకముందే, ఆసుపత్రికి బయల్దేరేముందే తీసేయాలి. గర్భిణులకు చివరి నెలల్లో, ఏ ఆపరేషనుకైనా ముందు రోజు ఇదే మాట.

మన రోగి ఉంగరాన్ని కొక్కెం నుంచి తీసి ఊడిన వేలితోపాటే తెచ్చారు. అది వంగనైనా వంగలేదు, పగడం కూడా ఊడలేదు. అతికించిన వేలు లావుగా, చర్మం పల్చగా ఉంటుంది కాబట్టి ఆ వేలికి ఇక ఏ ఉంగరమూ వద్దని డిశ్చార్జి కాగితంలోనే రాసి ఇచ్చాం.